ఖాళీగా వదిలిన నాలుగో నంబరు

జూన్ 28, శనివారం, పొద్దున ఏడున్నర

ఆషాఢం మొదలైంది. ఇక నెలంతా దుకాణంలో కాలు పెట్టే చోటుండదు. నరేష్ నిన్ననే షట్టర్ మీద కొత్త ఫ్లెక్సీ కట్టించాడు. అందులో చీరల కన్నా తన ఫొటోనే పెద్దగా వేయించుకున్నాడు. తమ్ముడి మొహం చూసి చీర కొనేవాళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరున్నారో నాకు తెలియదు.

రేపు క్లాసు. వేదవతి మేడం ఇచ్చిన హోంవర్కు ఇంకా ముట్టుకోలేదు. నా డిగ్రీకి మిగిలింది ఈ ఒక్క ఇంగ్లీషు పేపరు. ఒకప్పుడు రెండుసార్లు తప్పి వదిలేసిన పేపరును ముప్పై ఆరేళ్ళ వయసులో మళ్ళీ పట్టుకున్నాను. ఈసారి కూడా పోతే కాలనీలో తలెత్తుకోలేను.

నాయిన ఇవాళ ఎడమ చేత్తో చాయ్ తాగాడు. ఇదేం కొత్త అలవాటు అంటే, కుడి చెయ్యి కింద పెట్టుకొని పన్నడట, తిమ్మిరెక్కిందట. అంగీ మీద ఒలికించుకున్నాడు. "చిన్నపిల్లగానివైనవ్ నాయినా" అని నేనే తుడిచాను. కొత్త అంగీ ఖరాబైందని అమ్మ గొణిగింది.

సరే, తొమ్మిదికి దుకాణం తెరవాలి. ఇడ్లీ పిండి పులిసిపోయింది, అది వేరే కథ.

జూలై 9, బుధవారం

పదకొండు రోజులు ఏమీ రాయలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం నాయిన దుకాణంలో స్టూలు మీద నుంచి పక్కకు ఒరిగాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. ఎనిమిది రోజులు దవాఖానలో ఉంచి మొన్న ఆదివారం పంపించారు. మా ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నరేషూ, కింది ఇంటి లింగస్వామీ కలిసి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. మెట్ల మలుపు దగ్గర నాయిన నా వైపు చూశాడు. నేను చెప్పులు వెతుకుతున్నట్టు వంగాను.

కాలు కొంచెం కదులుతోంది. మాట మాత్రం లేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "మనం అనేవన్నీ ఆయనకు అర్థమవుతాయి, అది అదృష్టం" అన్నాడు.

అవును, అదృష్టమే.

జూలై 10

మందులు వేశాను. ఇంకేమీ లేదు.

జూలై 13, ఆదివారం

క్లాసు మానేస్తానంటే అమ్మ వినలేదు. "నువ్వు పో. పొద్దంత గట్ల మొహం వేలాడేసుకొని ఎదురుంగ కూసుంటే ఆయినకింత బుగులైతది" అని బ్యాగు చేతిలో పెట్టింది.

మేడం ఇవాళ తర్కంలో మనుషులు చేసే పది తప్పులు చెప్పారు. పరీక్షలో తప్పకుండా వస్తాయట. పుస్తకంలో ఉదాహరణలు బట్టీ పట్టొద్దనీ, ఒక్కోదానికి మన ఇంట్లో జరిగిన మాట రాసుకురమ్మనీ అన్నారు. "ఇల్లు దాటి వెళ్ళక్కర్లేదండీ, పదీ వంటింట్లోనే దొరుకుతాయి" అన్నారు. ఆవిడది తెనాలి వైపు. కోప్పడినా పెళ్ళికి పిలుస్తున్నట్టే ఉంటుంది.

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో కూర్చుని మొదలుపెట్టాను.

1. విషయం వదిలేసి మనిషిని అనడం. ఉదా: ఫ్లెక్సీలో అక్షరదోషం ఉందంటే నరేష్, "రెండుసార్లు తప్పినదానివి, నువ్వు జెప్పొచ్చినవా" అన్నాడు.

2. అనని మాటను అన్నట్టు చేసి దాన్ని కొట్టడం. ఉదా: ప్రింటు చీరలు వేరే అరలో పెట్టు అంటే నరేష్, "అంటే దుకాణం మూసుకోమంటవా" అన్నాడు.

3. అందరూ అంటున్నారు కాబట్టి నిజం అనడం. ఉదా: అమ్మ, "కాలనీల అందరు గా డాక్టరే మంచోడంటుండ్రు."

4. ఒకదాని తర్వాత ఇంకోటి జరిగింది కాబట్టి దాని వల్లే జరిగింది అనుకోవడం. ఉదా:

5. రెండే దారులున్నట్టు మాట్లాడడం. ఉదా: నరేష్, "అక్కా, నువ్వన్న సదువుకో, లేకుంటే దుకాణమన్న చూస్కో."

ఎల్బీ నగర్ వచ్చేసింది, దిగిపోయాను. ఉదాహరణల్లో సగానికి పైగా నరేషే దొరుకుతున్నాడు. పాపం అనిపించింది. ఈ పదిహేను రోజులూ వాడు ఒక్కడే దుకాణం లాక్కొస్తున్నాడు.

జూలై 14

నాయిన ఎందుకు పడిపోయాడో ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో కారణం తెలుసు. అమావాస్య నాడు కొత్త అంగీ విప్పి తొడుక్కున్నాడు, అందుకే అని అమ్మ. శుక్రవారం బీపీ గోలీ మరిచిపోయాడని నరేష్. దుకాణంలో ఏసీ నెత్తి మీదే ఉందని లింగస్వామి. మూడూ నాలుగో నంబరు కిందికే వస్తాయి, ఏరుకోవడమే ఆలస్యం. నవ్వుకుని పుస్తకం తెరిచాను.

రాయలేదు. తెరిచినదాన్ని తెరిచినట్టే మూశాను. వాళ్ళవి తప్పులు. నాకు తెలిసింది తప్పు కాదు.

జూలై 15

రాసేస్తాను. రాస్తే తగ్గుతుందని కాదు.

ఆ రోజు పదకొండున్నరకు తుర్కయంజాల్ నుంచి ఒకే ఇంటి ఆడవాళ్ళు ఆరుగురు వచ్చారు. నరేష్ ఆషాఢం కోసం తెప్పించిన ప్రింటు చీరలూ, మా పోచంపల్లి నేత చీరలూ ఒకే గుట్టలో కలిసిపోయాయి. నాయిన గుట్టలోంచి ఒక నీలం చీర తీశాడు. ఎప్పటిలాగే అంచు మీద వేళ్ళు ఒకసారి ఆడించి, "ఇది అసలు చేతిపని అమ్మా, కండ్లు మూసుకొని కొంటపోండ్రి" అన్నాడు.

అది ప్రింటు. కౌంటర్ అవతల నుంచి నాకు తెలుస్తోంది.

మెల్లగా దగ్గరికి వెళ్ళి చెప్పొచ్చు. పక్కకు పిలవొచ్చు. నేను ఉన్నచోటి నుంచే గట్టిగా అన్నాను. "తప్పు నాయినా, అది ప్రింటు. కండ్లు కనవడకుంటే పక్కకు కూసో, మేం చూసుకుంటం."

ఆరుగురూ నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు, పెద్దాయన పొరపాటు పడ్డాడని నవ్వారు. నలభై ఏళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి. దిల్‌సుఖ్‌నగర్ వచ్చిన కొత్తలో కళ్ళకు తువాలు కట్టుకుని, వేళ్ళతో ముట్టి ఏది నేతో ఏది ప్రింటో చెప్పి పక్క దుకాణాల వాళ్ళతో పందెం గెలిచేవాడు. ఆ మనిషిని నేను నలుగురిలో పక్కకు కూర్చోమన్నాను.

నాయిన చీర మడత పెట్టబోయాడు. మడత కుదరలేదు. ఉండలాగా చుట్టి పక్కన పెట్టి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. అలిగాడనుకున్నాను. అలిగితే అలగనీ అనుకున్నాను. ఒంటిగంటకు అన్నానికి పిలిస్తే లేవలేదు.

మధ్యలో గంటన్నర మాత్రమే ఉంది. ఈ విషయం ఇంట్లో ఎవరితోనూ చెప్పలేదు. నరేష్ ఆ సమయంలో గోదాములో ఉన్నాడు. తెలిసింది నాకూ నాయినకూ మాత్రమే. ఆయనకేమో మాట లేదు.

జూలై 16

మాట నేర్పించడానికి జ్యోతిక అనే అమ్మాయి వచ్చింది. ఇక నుంచి వారానికి రెండుసార్లు వస్తుంది. కాగితం తీసి వివరాలన్నీ అడిగింది. "ఆ దినం పొద్దుగాల ఎట్లుండెనక్కా? ఏమన్న తేడా కనవడ్డదా?"

"ఏం లేదు. పదకొండున్నర దాక మంచిగనే ఉన్నడు" అన్నాను.

రాసుకుంది. నాయిన గోడ వైపు నుంచి తల తిప్పి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు, ఎవరూ చెప్పక్కర్లేదు.

జ్యోతిక మంచి పిల్ల. ఒక ఉపాయం చెప్పింది. "ఎప్పటికనే మాటలుంటయ్ గదక్కా, ఆలోచించకుంటనే నోట్లకెంచి వచ్చేటియి. అవి మీరు సగం అనుండ్రి. మిగతా సగం ఆయినకు దానంతల అదే వస్తది." అంటే ఖాళీలు పూరించుట. నా గ్రామరు పుస్తకంలో ఎనభై పేజీలు అవే ఉన్నాయి.

జూలై 19, శనివారం

మూడు రోజులుగా ఖాళీలు. నేను మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. ఒక ఇంగ్లీషు వాక్యం నాకు, ఒక తెలుగు వాక్యం నాయినకు.

"పాలు తెల్లగ, బొగ్గు..." లేదు. "సోమవారం, మంగళవారం..." పెదవులు కదిలాయి, అంతే. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకూ ఏడుపు ముంచుకొచ్చింది. నువ్వు ఏడిస్తే నేను పుస్తకం మూస్తా అని బెదిరించాను.

ఇవాళ ఎందుకు తోచిందో, బీరువాలోంచి అమ్మ చీర ఒకటి తెచ్చి ఆయన ఒళ్ళో పరిచాను. ఆయన గొంతే పెట్టి, వచ్చిన ప్రతి కస్టమర్‌తో ఇరవై ఏళ్ళుగా ఆయన అనే మాట మొదలుపెట్టాను. "ముందు దిక్కు చూడకమ్మా, ముందు దిక్కు అన్ని మంచిగనే ఉంటయ్. వెనకకు తిప్పి..."

నాయిన నోరు తెరిచాడు. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది.

"చూ...డు."

అమ్మ చేతిలో చిక్కుడుకాయలు అలాగే పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయింది. నేను మళ్ళీ అన్నాను. "వెనక రంగు వెలిసి ఉంటే..."

"పింటు" అన్నాడు.

ప్రింటు. ఆ మాటే వచ్చింది చూడు. నాకు సంతోషమేసింది, ఆ వెంటనే పీట మీద కూర్చోలేకపోయాను. చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్ళి అక్కడే నిలబడ్డాను.

జూలై 20, ఆదివారం

క్లాసులో ఇవాళ పద్యం. ఒకావిడ ఊరికి బయలుదేరుతుంది. తలుపుకు తాళం వేస్తుంది. వీధి చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి, తాళం లాగి చూస్తుంది. మళ్ళీ వెళుతుంది, మళ్ళీ వస్తుంది. మూడోసారి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయిన చప్పుడు వినిపిస్తుంది. అంతే పద్యం. ఆవిడ దేనికి భయపడుతోంది, రాయండి అన్నారు.

దొంగలకు అని రాశాను.

"దొంగలు పద్యంలో ఎక్కడున్నారండీ విజయశ్రీ గారూ?" అన్నారు మేడం. "తాళం పడిందని ఆవిడకు మొదటిసారే తెలిసింది కదా. మరి మళ్ళీ ఎందుకొచ్చింది? తీరిగ్గా ఆలోచించండి, తొందరేం లేదు."

తర్కం హోంవర్కు కూడా చూశారు. నాలుగు దగ్గర వేలు పెట్టి, "ఇది వదిలేశారే. అన్నిటికన్నా తేలికది ఇదే" అన్నారు.

మరిచిపోయానని చెప్పాను.

జూలై 27

బోనాల డప్పులు వీధిలోంచి వెళుతుంటే నాయిన ఎడమ చేత్తో మంచం పట్టె మీద దరువు వేశాడు. ఒక్క దెబ్బ కూడా తప్పకుండా వేశాడు.

ఆగస్టు 3, ఆదివారం

మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. చూడు, నీళ్ళు, వద్దు, నర్సు (అంటే నరేషు). నన్ను మాత్రం ఇంకా పిలవలేదు. విజయ అనడం కష్టమని జ్యోతిక అంది. అయ్యుండొచ్చు.

రోజూ పొద్దున పది తప్పులూ ఆయన ముందు పైకి చదువుతున్నాను. ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో, ఉదాహరణతో సహా. నరేష్ మాటలు వచ్చినప్పుడల్లా నాయిన పెదవి ఒకవైపు లేస్తుంది. వాడు దుకాణానికి వెళుతూ, "ఏందక్కా, నా పరువు దీసి పరీక్ష పాసయితవా" అన్నాడు. నాయినకు నవ్వొచ్చి పొలమారింది.

మూడు అయ్యాక ఐదు చదువుతాను. ఎవరూ గమనించలేదు.

ఆగస్టు 10, ఆదివారం

సాయంత్రం పెద్ద గడబిడ. నాయిన ఎడమ చెయ్యెత్తి నాలుగు వేళ్ళు చూపించాడు. ఏందని అడిగితే మళ్ళీ నాలుగు వేళ్ళు.

"నాలుగు గంటలకు ఏమన్న కావాల్నా" అంది అమ్మ. కాదట. "నాలుగు ఇడ్లీలా?" కాదు. నరేష్, "నాలుగు కొత్త డిజైన్లు తెమ్మంటుండు, దుకాణం యాదికొచ్చింది" అన్నాడు. కాదు. చూడ్డానికి పైకి వచ్చిన లింగస్వామి ఆలోచించి ఆలోచించి, "నలుగురిని పిలువమంటుండేమో" అన్నాడు. అమ్మ అతన్ని చూసిన చూపుకు పాపం చాయ్ కూడా తాగకుండా దిగి వెళ్ళిపోయాడు.

నాయిన విసిగి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏమిటో తెలియలేదు.

ఆగస్టు 11, సోమవారం

తెలిసింది.

పొద్దున ఎప్పటిలాగే చదువుతున్నాను. ఒకటి, రెండు, మూడు. ఐదు అనగానే నాయిన మంచం పట్టె మీద గట్టిగా కొట్టాడు. నాలుగు వేళ్ళు.

ఎన్ని రోజులుగా లెక్కపెడుతున్నాడో.

"అది ఇంక రాయలే నాయినా" అన్నాను. పెన్సిలు నా వైపు తోశాడు. చూపు తిప్పుకోలేదు. మా నాయిన సంగతి నాకు తెలుసు. ఒక పోగు తప్పిందని చీర సగం విప్పించిన మనిషి, వదలడు. అమ్మ బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళి ఉంది.

రాశాను. రాసింది చదివాను. "నేను నలుగురిలో నాయినను చిన్నబుచ్చిన. మధ్యాహ్నం నాయిన పడిపోయిండు. అందుకని నా మాట వల్లనే పడిపోయిండు." చివరి మాటలు తల ఎత్తకుండానే చదివాను. నలభై నాలుగు రోజుల తర్వాత ఆయన ఎదురుగా ఆ మాట అన్నాను.

నాయిన ఎడమ చేతిలోకి పెన్సిలు తీసుకున్నాడు. ఆ వాక్యం మీద అడ్డంగా ఒక గీత, దాని మీద ఇంకో గీత. కాగితం చిరిగింది.

"తప్పు" అన్నాడు. స్పష్టంగా అన్నాడు.

"నన్ను ఊకోబెట్టనీకి అంటున్నవ్" అన్నాను.

కోపం వచ్చింది ఆయనకు. చీర చీర అని చేత్తో చూపించాడు. మళ్ళీ అమ్మ బీరువా మీద పడ్డాను. ఒక నేత చీర, ఒక ప్రింటు చీర తెచ్చి రెండూ ఒళ్ళో వేశాను. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టి లేపి, ఆ వేళ్ళను నేత చీర మీద పెట్టుకుని రుద్దాడు. తల అడ్డంగా ఊపాడు. ప్రింటు చీర మీద పెట్టుకుని రుద్దాడు. మళ్ళీ అడ్డంగా ఊపాడు.

"తెల్వ...లే."

"ఇప్పుడు తెలుస్తలేదు. అది నాకెరుకే గద నాయినా."

కాదు కాదని చెయ్యి ఆడించాడు. ఆ చేత్తోనే దుకాణం వైపు, దిల్‌సుఖ్‌నగర్ వైపు చూపించాడు. నాకు అప్పటికి వెలిగింది.

"ఆ దినం గూడ తెల్వలేదా? వేళ్ళకు?"

తల ఊపాడు.

"ఎప్పటిసంది?"

దానికి చాలాసేపు పట్టింది. నేను సాయం చేయబోతే వద్దని ఆపాడు. పిడికిలి నోటి దగ్గర పెట్టి తాగుతున్నట్టు చూపించాడు. నీళ్ళా అంటే కాదు. మందా అంటే కాదు. చివరికి, "పొద్దు...గాల" అన్నాడు.

నాకు ఏమీ గుర్తు రాలేదు. గుర్తు లేదు కాబట్టి ఈ డైరీ తీశాను. జూన్ 28. ఎడమ చేత్తో చాయ్ తాగాడు. తిమ్మిరెక్కిందట. ఒలికించుకున్నాడు. ఫ్లెక్సీకీ ఇడ్లీ పిండికీ మధ్యలో, నా దస్తూరీతో, నీలం సిరాతో ఉంది.

వరుస మొత్తం తలకిందులు చేసుకుని మోశాను. నేను అన్నాను కాబట్టి పడిపోయాడనుకున్నాను. ఆ జబ్బు అప్పటికే ఆయన వేళ్ళలోకి వచ్చి కూర్చుంది, అందుకే చీర తప్పు చెప్పాడు, అందుకే మడత కుదరలేదు. అది అలక కాదు. ముట్టుకుంటే తెలిసే మనిషికి ముట్టుకుంటే తెలియలేదు. నా మాట ఆ తర్వాత వచ్చింది.

ఏడ్చాను. నాయిన ఎడమ చెయ్యి నా తల మీద పెట్టి ఉంచాడు. అమ్మ వచ్చి, ఏమైందే అంటే, పరీక్ష కఠినంగా ఉందని చెప్పాను.

ఆగస్టు 12

నిన్న సంతోషంగా పడుకున్నాను. పొద్దున పాలు పొయ్యి మీద పెడుతుంటే తట్టింది.

పొద్దున ఏడున్నరకే చూశాను. అందరి కన్నా ముందు నేనే చూశాను. ఇలాంటిదానికి మొదటి గంటలే ముఖ్యమని జ్యోతిక ఎన్నోసార్లు అంది. నేను అంగీ తుడిచాను, చిన్నపిల్లగానివైనవ్ అన్నాను, డైరీలో రాసుకున్నాను, దుకాణానికి తీసుకుపోయాను.

దవాఖానకు తీసుకుపోలేదు.

ఆగస్టు 13

చాయ్ అమ్మే ఇచ్చింది.

ఆగస్టు 14

చాయ్ అమ్మే ఇచ్చింది. నాకు తలనొప్పి.

ఆగస్టు 15

చాయ్ నరేష్ ఇచ్చాడు. సగం పరుపు మీదే పోశాడు. నాయిన నా కోసం తలుపు వైపు చూస్తూనే ఉన్నాడట.

ఆగస్టు 17, ఆదివారం

క్లాసుకు వెళ్ళలేదు. పదిగంటలకు నాయిన గది లోంచి పిలుపు వినిపించింది. "బి...డ్డా."

పేరు కాదు. అయినా నన్నే.

వెళ్ళాను. "చాయ్. నువ్వు" అన్నాడు. వేలు నా మీదే ఉంది. అమ్మ చేతి చాయ్ ఆయనకు సరిపోక కాదు, నాకు తెలుసు.

చాయ్ పెట్టలేదు. డైరీ తెచ్చి జూన్ 28 మొత్తం చదివాను. ఇరవై ఏళ్ళ నుంచి డైరీ రాస్తున్నాను, ఎవరికీ ఒక్క ముక్క చదివి వినిపించలేదు. ఫ్లెక్సీలో నరేష్ మొహం మాటకు నాయిన నవ్వాడు. చాయ్ మాట వచ్చేసరికి నవ్వు ఆపాడు.

"నేను చూసిన నాయినా" అన్నాను. "అందరికంటె ముందు నేనే చూసిన. అప్పుడే దవాఖానకు కొంటపోతే నీ చెయ్యి నీకుండేది. దీన్ని కొట్టెయ్యకు. ఇది లిస్టుల లేదు. ఇది తప్పు కాదు, నిజం."

పెన్సిలు ఆయన చేతికి ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు. శిక్ష వేయమన్నానేమో.

నాయిన పెన్సిలు పక్కన పెట్టాడు. గీత గీయలేదు. పైకప్పు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. పెదవులు చాలాసార్లు కదిలి ఆగాయి. జ్యోతిక చెప్పినట్టు తొందరపెట్టకుండా కూర్చున్నాను. కింద కూరగాయల బండి వచ్చి వెళ్ళిపోయింది.

"నాకే... తెల్వలే" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "నీకెట్ల... తెలుస్తది."

నాలుగు మాటలు. పడిపోయాక ఆయన ఇంత పెద్ద మాట అనలేదు. నేను సగం అందించలేదు, ఖాళీ పెట్టలేదు. మొత్తం ఆయనదే.

చెయ్యి ఆయనది, తిమ్మిరి ఆయనది. లోపల ఉన్న మనిషికే తెలియనిది బయట అంగీ తుడిచినదానికి ఎలా తెలుస్తుంది. ఇంత చిన్న సంగతి నాకు ఐదు రోజులు తట్టలేదు. పదో తరగతి దాటని మా నాయినకు మంచంలో పడుకుని తట్టింది.

ఆయన చెయ్యి పట్టుకుని, ఆ దినం దుకాణంలో అన్నదానికి తప్పైంది నాయినా అన్నాను. దాని వల్ల పడిపోయాడని కాదు. అనకూడని మాట కాబట్టి. దానికి ఆయన వద్దనలేదు, తప్పు అనలేదు. తల ఊపి తీసుకున్నాడు.

తర్వాత చాయ్ పెట్టాను. అల్లం ఎక్కువైంది.

ఆగస్టు 24, ఆదివారం

తాళం పద్యానికి మళ్ళీ రాసి ఇచ్చాను. ఆవిడకు తాళం మీద అనుమానం లేదు, ఇల్లు వదలబుద్ధి కావడం లేదు, తాళం ఒక సాకు మాత్రమే, వెనక్కి వస్తే ఆ తలుపు ఇంకోసారి కనిపిస్తుంది అని రాశాను. మేడం చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివారు. "ఇది ఎక్కడ పట్టుకున్నారండీ?" అన్నారు.

చీరను వెనకకు తిప్పి చూశానని చెప్పాను. నవ్వారు, అర్థం కాలేదనుకుంటాను.

ఆవిడకు చెప్పనిది ఇక్కడ రాసుకుంటాను. ఆ శనివారానికి నేను ఇన్నిసార్లు ఎందుకు వెనక్కి వెళ్ళాను? కారణం వెతకడానికే అనుకున్నాను. పదకొండున్నరకు ఆ దుకాణంలో నాయిన ఇంకా రెండు కాళ్ళ మీద నిలబడి, కండ్లు మూసుకొని కొంటపోండ్రి అంటున్నాడు. ఆ గొంతు వినడానికి వెళ్ళాను. నా తప్పును తలుచుకుంటేనే ఆయన అలా కనిపించేవాడు, అందుకే దాన్ని వదల్లేదు.

ఇక్కడున్న నాయినకు ఇరవై మూడు మాటలు వచ్చు. జ్యోతిక లెక్క.

ఆగస్టు 31, ఆదివారం

పరీక్ష రాశాను. బయలుదేరేటప్పుడు నాయిన గదిలోకి ఒక్కసారే తిరిగొచ్చి చూశాను. పొమ్మని చెయ్యి ఊపాడు.

గ్రామరు పర్వాలేదు. తర్కంలో నాలుగో నంబరే వచ్చింది, సొంత ఉదాహరణతో వివరించమన్నారు. సొంతదే రాశాను. దిద్దేవాళ్ళకు అది ఎవరి ఇంటిదో తెలియదు. నీలం చీర, ఆరుగురు ఆడవాళ్ళు, ఎడమ చేతిలో చాయ్ గ్లాసు, అన్నీ పడ్డాయి. ఎన్ని మార్కులు వేస్తారో వేయనీ.

సాయంత్రం వచ్చేసరికి నాయిన బాల్కనీలో కుర్చీలో ఉన్నాడు. ఎట్ల రాసినవన్నట్టు గడ్డం ఎగరేశాడు. బాగానే రాసిన అన్నాను. చాయ్ పెట్టి ఇచ్చాను.

ఎడమ చేత్తోనే తాగాడు. కుడి చేతిని మాత్రం ఒళ్ళోంచి తనంతట తానే లేపి గ్లాసు కింద ఆనించాడు. అది ఏ బరువూ మోయలేదు. ఊరికే, తోడుకు.